పాత మోటారు పడవ పుట్టిన ఏడు

అమెరికాలో పాత మోటారు పడవల ప్రకటనలు తిరగేస్తే 1976 నాటి పడవ, 2012 నాటి పడవ పక్కపక్కనే కనిపిస్తాయి. రెండింటి పొడవూ పద్దెనిమిది అడుగులే. ఫొటోల్లో రెండూ మెరుస్తూనే ఉంటాయి. కార్ల బజారులో ఇటువంటి దృశ్యం అరుదు. యాభై ఏళ్ళ కారు చాలావరకు తుక్కు కింద పోయి ఉంటుంది, లేదా అభిరుచి గలవారి షెడ్డులో భద్రంగా ఉంటుంది. పడవకు మాత్రం ఆ వయసులోనూ కుటుంబ విహారం కోసం కొనేవారు దొరుకుతారు. ఇందువల్ల కొన్ని తరాల నిర్మాణ పద్ధతులు, భద్రతా నియమాలు ఒకే బజారులో కలగలిసి అమ్ముడవుతున్నాయి. సరస్సులోనూ తీరం వెంటా పిల్లలతో తిరగడానికి పాత పడవను ఎంచుకోవాలంటే ముందుగా ఆ తరాలను విడదీసి చూడడం తెలియాలి. ఫొటోలో కనబడని ఆ తేడా పడవ పుట్టిన ఏడులో దాగి ఉంటుంది.

చెక్క నుంచి ఫైబర్‌గ్లాస్‌కు

ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ళలో మోటారు పడవ సంపన్నుల వస్తువు. దాన్ని సామాన్యుడి దగ్గరకు తెచ్చినవారిలో ముఖ్యుడు ఓలే ఎవిన్‌రూడ్. నార్వేలో పుట్టి విస్కాన్సిన్‌లో పెరిగిన ఈ యంత్రకారుడు పడవ వెనుక తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజనును 1907లో మిల్వాకీలో పరీక్షించి, 1909లో అమ్మకానికి పెట్టాడు. దాని శక్తి ఒకటిన్నర హార్స్‌పవర్, బరువు 62 పౌన్లు, ధర 62 డాలర్లు. డెట్రాయిట్‌కు చెందిన కామెరాన్ వాటర్‌మన్ అంతకు కొంచెం ముందే ఇటువంటి ఇంజను చేశాడు. అయితే ఎవిన్‌రూడ్ ఇంజను ఎక్కువమందికి చేరడంలో వ్యాపార వ్యవహారాలు చూసుకున్న ఆయన భార్య బెస్ పాత్ర పెద్దది.

ఇంజను అందుబాటులోకి వచ్చినా పడవ మాత్రం చెక్కదే. మిషిగన్‌లోని ఆల్గొనాక్‌లో తయారైన క్రిస్-క్రాఫ్ట్ మహాగనీ పడవలు ఆ యుగానికి ప్రతీకలు. చెక్క పడవకు ఏటా వార్నిషు, అతుకుల మరమ్మతు తప్పవు. యజమాని నాలుగేళ్ళు పట్టించుకోకపోతే పడవ తనంతట తానే శిథిలమవుతుంది. పాత పడవల బజారు చిన్నదిగా ఉండడానికి ఇదొక కారణం.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఫైబర్‌గ్లాస్ ఈ పరిస్థితిని తలకిందులు చేసింది. 1970ల ఆరంభానికల్లా చిన్న విహార పడవల తయారీలో చెక్క స్థానాన్ని అది దాదాపు పూర్తిగా ఆక్రమించింది. అచ్చులో పోసి చేసే ఈ పడవ కుళ్ళదు, తుప్పు పట్టదు. అయితే చావు లేనిది పైతొడుగుకే. లోపల బలం కోసం వేసిన దూలాలు, నేల, ఇంజను బరువు మోసే ట్రాన్సమ్ అనే వెనుక అడ్డపలక చాలా ఏళ్ళపాటు ప్లైవుడ్‌తోనో కలపతోనో తయారయ్యేవి. ఒక మర రంధ్రానికి పూసిన పూత ఊడితే చాలు, నీరు లోపలికి ఇంకి చెక్క కుళ్ళుతుంది. బయట మెరుపు చెక్కుచెదరదు. పాత చెక్క పడవ తన రోగాన్ని కళ్ళకు కట్టి చూపేది. ఫైబర్‌గ్లాస్ పడవ దాన్ని దాచిపెడుతుంది.

అడుగు ఆకారం

1960లో మయామీ నుంచి నాసౌకు జరిగిన పందెంలో డిక్ బెర్‌ట్రమ్ నడిపిన మోపీ అనే పడవ ఉద్ధృతమైన సముద్రాన్ని దాటి గెలిచింది. రే హంట్ రూపొందించిన ఆ పడవ అడుగు, వెనుక చివరి వరకూ కోసుగా ఉండేది. అప్పటిదాకా వేగపు పడవల అడుగు వెనక్కి వచ్చేసరికి చదునయ్యేది. అలమీద పడినప్పుడల్లా చప్పుడుతో అదిరేది. హంట్ పడవ అలను కోసుకుంటూ పోయింది. డీప్-వీ అనే ఈ రూపం మరుసటి ఏడే ఫైబర్‌గ్లాస్‌లోకి మారి, తీరప్రాంతపు పడవలకు ఒరవడి అయింది.

ఈ సుఖానికి మూల్యం ఉంది. బాగా కోసైన అడుగుకు అదే వేగానికి ఎక్కువ శక్తి కావాలి. ఆగి ఉన్నప్పుడు అది ఎక్కువగా ఊగుతుంది. ప్రశాంతమైన సరస్సులో పిల్లలు ఈదడానికి లంగరు వేసే కుటుంబానికి చదునైన అడుగు హాయి. మధ్యాహ్నపు గాలికి లేచే తీరపు అలల్లో అదే అడుగు నడుము విరుస్తుంది. రెండు చోట్లా తిరగదలచినవారు మధ్యస్థమైన కోణానికి రాజీపడక తప్పదు.

ఇంజను చోటు

1959లో వోల్వో పెంటా సంస్థ అక్వామాటిక్ పేరుతో స్టెర్న్‌డ్రైవ్‌ను మార్కెట్లోకి తెచ్చింది. ఇంజను పడవ లోపల ఉంటుంది. చక్రం తిప్పే కాలు వెనుక బయట ఉంటుంది. కార్ల ఇంజన్లనే నీటికి అనువుగా మార్చి వాడడంతో తక్కువ ధరకే ఎక్కువ శక్తి దొరికింది. సరస్సు పడవల్లో దశాబ్దాలపాటు ఇదే రాజ్యమేలింది.

ఉప్పునీటిలో మాత్రం దీని బలహీనత బయటపడుతుంది. ఉప్పునీటితోనే చల్లబడే ఇంజన్లలో ఎగ్జాస్ట్ భాగాలు లోపల నుంచి తినుకుపోతాయి. కాలు బయటకు వెళ్ళే చోట ఉన్న రబ్బరు తొడుగు చిరిగితే నీరు నేరుగా పడవలోకి వస్తుంది. ఔట్‌బోర్డ్‌ను నీటి పైకి ఎత్తి ఉంచవచ్చు, మంచినీటితో కడగవచ్చు, అరిగితే విప్పి మరొకటి బిగించవచ్చు.

మరో ముప్పు పెట్రోలు ఆవిరి. అది గాలికంటే బరువైనది కనుక ఇంజను గది అడుగున పేరుకుంటుంది. పడవ ఇంజనుకు నిప్పురవ్వ బయటకు రాని ప్రత్యేకమైన స్టార్టరు, ఆల్టర్నేటరు అమర్చేది ఇందుకే. చవక అని పాత యజమాని కారు విడిభాగం బిగించి ఉంటే, అది విస్ఫోటనానికి సిద్ధంగా ఉన్న పడవ.

చట్టం వచ్చిన తేదీలు

1971లో అమెరికా కాంగ్రెస్ సమాఖ్య పడవల భద్రతా చట్టం చేసింది. దాని ఫలితంగా 1972 నవంబరు నుంచి తయారైన ప్రతి పడవకూ పన్నెండు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య తప్పనిసరి అయింది. వెనుక నుంచి చూస్తే అది ట్రాన్సమ్ కుడిపక్క పైభాగంలో కనిపిస్తుంది. 1984 తర్వాతి పడవల్లో చివరి రెండంకెలు మోడల్ ఏడును తెలుపుతాయి.

1978 ఆగస్టు నుంచి ఇరవై అడుగుల లోపు ఔట్‌బోర్డ్ పడవలు నీటితో నిండినా తలకిందులు కాకుండా సమంగా తేలాలన్న నియమం వచ్చింది. అదే పొడవు స్టెర్న్‌డ్రైవ్ పడవకు ఏదో ఒక భాగం పట్టుకోవడానికి పైకి తేలితే చాలు. ఇరవై అడుగులు దాటితే ఈ నియమమే లేదు. 1980 ఆగస్టు నుంచి పెట్రోలు ఇంజను గదుల్లో ఆవిరిని బయటకు లాగే ఫ్యాను తప్పనిసరి అయింది. ఈ నిర్మాణ నియమాలేవీ వెనకటి తేదీతో వర్తించవు. 1976 పడవను ఈరోజు కొన్న కుటుంబానికి 1978 నియమపు రక్ష లేదు.

తర్వాతి తరంలో నియమాలు ఇంజను పొగమీదికి మళ్ళాయి. పాత కార్బ్యురేటర్ టూ-స్ట్రోక్ ఔట్‌బోర్డ్‌లు తాము తాగిన ఇంధనంలో పాతిక నుంచి ముప్పై శాతం దాకా మండించకుండానే నీటిలోకి వదిలేవి. 1999 జూన్‌లో టాహో సరస్సు మీద వాటిని నిషేధించారు. పర్యావరణ సంస్థ నియమాలు 1998 నుంచి 2006 వరకు అంచెలంచెలుగా అమలై, కొత్త ఔట్‌బోర్డ్‌ల కాలుష్యాన్ని బాగా తగ్గించాయి. చవకగా దొరికే 1990ల ఇంజను కొనేముందు, తిరగదలచిన సరస్సు దాన్ని రానిస్తుందో లేదో అడిగి తెలుసుకోవాలి. ఎవిన్‌రూడ్ పేరుతో వచ్చే ఔట్‌బోర్డ్‌ల తయారీ కూడా 2020లో ఆగిపోయింది. విడిభాగాల సంగతి ముందే విచారించుకోవడం మేలు.

ఎంపిక

ఈ చరిత్ర అంతా కొనుగోలుదారు చేతికి ఒక వరుస క్రమాన్ని అందిస్తుంది. మొదట గుర్తింపు సంఖ్య చదివి, పడవ ఏ నియమాల కింద పుట్టిందో తేల్చుకోవాలి. తర్వాత ట్రాన్సమ్‌నూ నేలనూ చిన్న సుత్తితో తట్టి వినాలి: గట్టి చెక్క టంగుమంటుంది, కుళ్ళినది మొద్దుబారిన చప్పుడు చేస్తుంది. అమ్మకందారుతో సంబంధం లేని సర్వేయరుకు చూపించి, కుటుంబమంతా ఎక్కితే ఎంత బరువు అవుతుందో అంత బరువుతో నీటిమీద నడిపి చూడాలి. వీటికయ్యే ఖర్చు కొత్త ట్రాన్సమ్ ఖర్చుతో పోలిస్తే స్వల్పం.

తీరరక్షక దళం ఏటా ప్రకటించే గణాంకాల్లో పడవ ప్రమాద మరణాలు ఎక్కువగా నీట మునగడం వల్లే సంభవిస్తున్నాయి. అలా మునిగినవారిలో అత్యధికులు లైఫ్‌జాకెట్ వేసుకోనివారు. పడవ ఏ ఏడు పుట్టినదైనా ఈ ఒక్క రక్ష మాత్రం ఎక్కినవారి చేతిలోనే ఉంది.