శాస్త్రవిద్యార్థికి కావలసిన ఇంగ్లీషు

భారతదేశంలో ఇంగ్లీషు చదువును గురించి జరిగిన చర్చలకు కొదువ లేదు. ఏ భాషలో బోధించవలె అన్న ప్రశ్నపై దాదాపు రెండు వందల సంవత్సరాలుగా ప్రభుత్వాలు సంఘాలను నియమించినవి, సంఘాలు నివేదికలు సమర్పించినవి, నివేదికలపై వాదోపవాదాలు నడిచినవి. కాని వైద్యం చదివేవానికి, యంత్రశాస్త్రం చదివేవానికి, న్యాయశాస్త్రం చదివేవానికి ఏ ఇంగ్లీషు, ఎంత, ఏ పనికి కావలె అన్న ప్రశ్న మాత్రం ఈ కోలాహలంలో మరుగున పడినది. మొదటి ప్రశ్న రాజ్యానికి సంబంధించినది. రెండవది తరగతిగదిలో వెనుక బల్లపై కూర్చున్న విద్యార్థికి సంబంధించినది. రెండవదానికి సమాధానం ఆలస్యమైనందువలన కలిగిన నష్టమంతా ఆ విద్యార్థి ఖాతాలోనే జమ అయినది.

ఈ కథ కలకత్తాలో మొదలైనదని చెప్పవచ్చును. 1822లో అక్కడ స్థాపించిన దేశీయ వైద్యపాఠశాలలో పాశ్చాత్యవైద్యాన్ని దేశభాషలలోనే బోధించేవారు. ఆ పాఠశాల అధిపతిగా ఉండిన జాన్ టైట్లర్ ప్రాచ్యభాషలలో శాస్త్రబోధ సాధ్యమని గట్టిగా వాదించినవాడు. ఆ వాదం నెగ్గలేదు. 1835 జనవరి 28న వెలువడిన ఉత్తరువుతో ఆ పాఠశాల మూతపడి, ఇంగ్లీషులో బోధించే వైద్యకళాశాల ఏర్పడినది. ప్రసిద్ధమైన మెకాలే అభిప్రాయపత్రం ఫిబ్రవరి 2వ తేదీది; అంటే ఆ పత్రం కంటె కొద్ది దినాల ముందే వైద్యవిద్య ఇంగ్లీషు బాట పట్టినది. అయినా కొన్నేళ్లకే అదే కళాశాలలో హిందుస్తానీ తరగతిని, తరువాత బెంగాలీ తరగతిని తెరవవలసి వచ్చినది. సైన్యానికి, పల్లెలకు కావలసిన వైద్యులందరినీ ఇంగ్లీషు తరగతి ఒక్కటే సమకూర్చలేదని అనుభవం నేర్పినది. 1847లో రూర్కీలో వెలసిన ఇంజనీరింగు కళాశాలలో కూడ పై తరగతులకు ఇంగ్లీషు, కింది ఉద్యోగాలకు పోయేవారికి దేశభాష అనే విభజన జరిగినది. ఈ విధంగా ఇంగ్లీషు విద్యకు సాధనంగా ఉంటూనే, విద్యావంతుల మధ్య అంతస్తులను నిర్ణయించే కొలబద్ద కూడ అయినది.

అదే కాలంలో ఢిల్లీ కళాశాల మరొక మార్గాన్ని చూపినది. అక్కడ గణితం, పదార్థవిజ్ఞానం ఉర్దూలో బోధించేవారు. పాఠ్యగ్రంథాలను అనువదించడానికి ఒక సంఘమే పనిచేసినది. ఆ కళాశాల అధ్యాపకుడైన మాస్టర్ రామచంద్ర విద్యార్థులకు ఉర్దూలో పాఠాలు చెప్పినాడు. కాని గరిష్ఠ, కనిష్ఠ విలువల సమస్యలపై తాను కనుగొన్న పద్ధతిని 1850లో ఇంగ్లీషులో అచ్చు వేయించినాడు. ఇంగ్లండు గణితవేత్త డి మోర్గన్ దానిని మెచ్చుకొని 1859లో లండన్‌లో పునర్ముద్రణ చేయించినాడు. రామచంద్ర బోధించినది ఒక భాషలో. దూరదేశపు పండితునితో మాట్లాడినది మరొక భాషలో. ఏ భాషతో ఏ పని అన్న వివేకం ఆయనకు ఉన్నది. మన విశ్వవిద్యాలయాలకు తరువాతి కాలంలో కొరవడినది ఈ వివేకమే.

1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఈ మార్గాన్ని పెద్దయెత్తున అనుసరించినది. దానికి ఒక సంవత్సరం ముందే అనువాదశాఖ ఏర్పడినది. వైద్యం, ఇంజనీరింగు సహితం ఉర్దూలో చెప్పినారు. ఇంగ్లీషును నిర్బంధ పాఠ్యవిషయంగా నిలిపినారు. బోధనాభాష కాకపోయినా గ్రంథపఠనానికి ఇంగ్లీషు కావలెనన్న ఆలోచన ఈ ఏర్పాటులో ఉన్నది. అయితే హైదరాబాదు రాజ్యంలో అధికసంఖ్యాకుల ఇంటిభాష తెలుగు, మరాఠీ, కన్నడాలు. తెలంగాణపు పల్లె నుండి వచ్చిన విద్యార్థికి ఉర్దూ ఒక మెట్టు, ఇంగ్లీషు ఇంకొక మెట్టు. 1948 తరువాత బోధనాభాష ఇంగ్లీషుగా మారినది. మెట్ల పేర్లు మారినవి కాని ఎక్కవలసిన ఎత్తు తగ్గలేదు.

ఇంగ్లీషును ప్రయోజనాన్ని బట్టి కొలవవలెనని తరగతిగది అనుభవంతో చెప్పినవారిలో మైకేల్ వెస్ట్ ముఖ్యుడు. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు అధ్యక్షుడుగా ఉండిన ఆయన 1926లో బెంగాలు విద్యార్థుల ద్విభాషాస్థితిపై ఒక గ్రంథం వ్రాసినాడు. బెంగాలీ బాలునికి ఇంగ్లీషుతో అన్నిటి కంటె ముందు పడే పని విషయజ్ఞానం కొరకు చదవడమేనని ఆయన సిద్ధాంతం. బీమా కట్టినవాడు మధ్యలో మానినా కొంత సొమ్ము చేతికి దక్కినట్లు, చదువు మధ్యలో ఆపిన విద్యార్థికి కూడ నేర్చినంతమేరకు ప్రయోజనం దక్కవలెనని ఆయన అన్నాడు. ఈ ఉపమానం బడిపిల్లలను ఉద్దేశించినదే అయినా, కళాశాలలకు అంతకంటె బాగా వర్తించినది. నాలుగేళ్లు ఇంగ్లీషు పాఠం విన్న ఇంజనీరింగు విద్యార్థికి ఆ పాఠం వలన తన యంత్రశాస్త్ర గ్రంథంలో ఒక పుట స్వయంగా అర్థం చేసికొనే శక్తి రాకపోతే, అతనికి దక్కిన విలువ ఏమున్నది?

స్వాతంత్ర్యానంతరం రాధాకృష్ణన్ అధ్యక్షతన విశ్వవిద్యాలయ విద్యాసంఘం 1949లో నివేదిక సమర్పించినది. ఉన్నతవిద్యలో ఇంగ్లీషు స్థానాన్ని సాధ్యమైనంత త్వరగా భారతీయభాష ఆక్రమించవలెనన్నది. పెరుగుతూ పోయే జ్ఞానంతో సంబంధం తెగకుండ ఇంగ్లీషు చదువు కొనసాగవలెనని కూడ అన్నది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 1955లో నియమించిన కుంజ్రూ సంఘం మార్పునకు తొందరపడవద్దని, మార్పు వచ్చిన తరువాత సహితం విద్యార్థులందరూ ఇంగ్లీషు నేర్వవలెనని సలహా ఇచ్చినది. 1964–66 నాటి కొఠారీ సంఘం ఇంగ్లీషును గ్రంథాలయభాషగా వర్ణించినది. 1958లో హైదరాబాదులో కేంద్రీయ ఆంగ్లసంస్థ నెలకొన్నది. ఇంగ్లీషు ఉపాధ్యాయుల శిక్షణకు దేశంలో అది ప్రధానకేంద్రమైనది. 1972లో ఇతర విదేశీభాషలను కూడ తనలో చేర్చుకొని, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైనది.

ఇంతటి ప్రయత్నం జరుగుతూ ఉండగానే పాఠశాలలో ఒక పరివర్తన వచ్చినది. ఉన్నతపాఠశాలలలో మాతృభాషలో చదువుకొన్నవారి సంఖ్య ఏటేటా పెరిగినది. విజ్ఞానశాస్త్రాలు, వైద్యం, ఇంజనీరింగు మాత్రం కళాశాలలో ఇంగ్లీషులోనే నిలిచినవి. పొరుగున సింహళంలో 1956 నాటి రాజభాషా శాసనం తరువాత, 1960 ప్రాంతం నుండి సింహళ, తమిళ మాధ్యమాల విద్యార్థులు విశ్వవిద్యాలయంలో ప్రవేశించినారు. అక్కడ మానవీయశాస్త్రాల తరగతిగది భాష మారినది కాని గ్రంథాలయపు భాష చాలవరకు మారలేదు. వైద్యం, ఇంజనీరింగు అక్కడ కూడ ఇంగ్లీషును వీడలేదు. ఈ దేశాలన్నిటా పదిహేడేళ్ల బాలుడు ఒక వేసవిసెలవులో ఒక భాష నుండి మరొక భాషకు దాటవలసినవాడైనాడు. ఏరు దాటించే పడవ మాత్రం ఏ ఒడ్డునా కనబడలేదు.

ఆ ఏటిలో లోతు ఎక్కడ అన్నది చాలమంది పొరపాటుగా గ్రహించినారు. శాస్త్రపు ఇంగ్లీషు అంటే పారిభాషిక పదాలని, పదాల పట్టిక కంఠస్థం చేయిస్తే కష్టం తీరునని తలచినారు. నిజానికి పారిభాషిక పదం విద్యార్థికి అంతగా అడ్డు రాదు. ఆక్సిజన్ అన్న మాటకు ఒకే అర్థం ఉన్నది. ఆచార్యుడు దానిని వివరించి, ప్రయోగశాలలో చూపించును. కొత్తమాట అని తెలిసినందున విద్యార్థి జాగ్రత్తపడును. చిక్కంతా తెలిసినదనుకొన్న మాటతో వచ్చినది. టెండర్ అన్న మాట తీసికొనవచ్చును. కావ్యపాఠంలో దానికి మృదువైనదని అర్థం. గుత్తేదారునికి అది ధర వ్రాసి ఇచ్చే కాగితం. వైద్యుడు రోగి పొట్టపై చేయి వేసి అదే మాట అన్నచో, నొక్కితే నొప్పి పుట్టుచున్నదని అర్థం. గడియారంలో క్షణమైన మొమెంట్ యంత్రశాస్త్రంలో వస్తువును తిప్పే బలప్రభావం. సాధారణ సంభాషణలో ఆలోచన, ఆదరణ అని అర్థమిచ్చే కన్సిడరేషన్, 1872 నాటి ఒప్పందాల శాసనం చదివే విద్యార్థికి ప్రతిఫలం. నిఘంటువు చూడవలెనన్న అనుమానమే కలగని చోట నిఘంటువు ఏమి సహాయం చేయగలదు?

పదం కంటె కష్టమైనది వాక్యం. తెలుగులో త్వరణాన్ని నిర్వచించితే, కాలాన్ని బట్టి వేగంలో కలిగే మార్పు యొక్క రేటు అంటారు. ముఖ్యమైన రేటు చివరకు వచ్చును. దాని విశేషణాలన్నీ ముందు నడచును. ఇంగ్లీషు నిర్వచనంలో రేటు మొదట నిలిచి, మార్పు, వేగం, కాలం వరుసగా దాని వెనుక వచ్చును. హిందీ, బెంగాలీ, తమిళ, సింహళ భాషలలో పెరిగినవారికి కూడ ఈ తలక్రిందుల నడక కొత్తదే. నిర్వచనం చిన్నదైనపుడు చిక్కు చిన్నది. ఐదారు పంక్తులు సాగే వాక్యంలో కర్త ఎక్కడ ముగిసినదో, క్రియ ఎక్కడ దొరుకునో తెలియక విద్యార్థి తెలిసిన మాటలను ఏరుకొని అర్థాన్ని ఊహించుకొనును. ‘అన్‌లెస్’ అన్న చిన్నమాటను దాటిపోయినవానికి మందును గురించిన హెచ్చరిక అనుమతిగా కనబడును. న్యాయశాస్త్రంలో ‘మే’, ‘షల్’ అన్న రెండు చిన్నమాటల మధ్య సాధారణంగా అధికారానికి, విధికి ఉన్నంత దూరం ఉన్నది. ప్రయోగనివేదికలో ద్రవం వేడి చేయబడినదని కర్మణిప్రయోగంలో వ్రాయవలె. ద్రవాన్ని వేడి చేసినామనడం తెలుగువాని నోటికి సహజం. ఈ తేడాలను ఎవరూ విప్పి చెప్పనందున, అతడు నిరుటి విద్యార్థి నోటుపుస్తకాన్ని నకలు చేయుటే క్షేమమని నేర్చుకొన్నాడు.

వీటిని విప్పి చెప్పవలసిన ఉపాధ్యాయుని స్థితి కూడ సుఖమైనది కాదు. ఆయన ఇంగ్లీషు సాహిత్యంలో పట్టం పుచ్చుకొన్నవాడు. నాటకాన్ని వ్యాఖ్యానించగలడు, పద్యంలోని ధ్వనిని చూపగలడు. ఇంజనీరింగు కళాశాలలో చేరిన దినాన ఆయన చేతికి టర్బైన్ వర్ణన వచ్చినది. విషయంలో ఆయనకంటె శిష్యునికే కొంత ఎక్కువ తెలియును. గురువు ఎరుగని విషయం, శిష్యుడు ఎరుగని భాష – ఈ రెంటి నడుమ పాఠం సాగవలె. ఆ సంకటం నుండి తప్పించుకొనడానికి కొందరు సాహిత్యవ్యాసాలకే తిరిగిపోయినారు. కొందరు వ్యాకరణసూత్రాలతో కాలం గడిపినారు. మరొక వైపు యంత్రశాస్త్రాచార్యుడు భాష తన పని కాదన్నాడు. విద్యార్థి తప్పు వ్రాసినప్పుడు అది విషయం తెలియని తప్పో, వాక్యం కుదరని తప్పో విడదీసి చూచే తీరిక ఇద్దరికీ లేకపోయినది. మార్కులు మాత్రం పోయినవి.

అయినా ప్రయత్నాలు జరగలేదనడం న్యాయం కాదు. 1990లో మద్రాసులోని అన్నా విశ్వవిద్యాలయపు అధ్యాపకులు ఇంజనీరింగు విద్యార్థులకై రూపొందించిన పాఠ్యపుస్తకం సాహిత్యఖండికలను పక్కన పెట్టి, చదవడం, వినడం, వ్రాయడం, మాట్లాడడం అనే నైపుణ్యాలను ఆధారం చేసికొన్నది. నివేదిక వ్రాయడం, పటాన్ని మాటలలోకి మార్చడం, ఉపన్యాసం విని సారం గ్రహించడం వంటివి పాఠాలైనవి. దేశంలో పలు కళాశాలలు ఈ బాట పట్టినవి. అయితే పుస్తకం మారినంత వేగంగా పరీక్ష మారలేదు. వ్రాతపరీక్ష కంఠపాఠాన్ని మెచ్చుకొన్నంతకాలం నైపుణ్యపాఠం కూడ కంఠపాఠమే అయినది. తరువాతి కాలంలో ఉద్యోగపు ఇంటర్వ్యూ ఈ పాఠాలను తనవైపు లాగుకొన్నది. సంభాషణాచాతుర్యం ముందుకు వచ్చినది; శాస్త్రగ్రంథాన్ని నిదానంగా చదివి తర్కించే శక్తి వెనుకకు పోయినది.

ఇటీవలి మార్పులు పాతప్రశ్నను తిరిగి ముందుకు తెచ్చినవి. 2021లో తెలుగు సహా కొన్ని భారతీయ భాషలలో ఇంజనీరింగు బోధనకు అనుమతి లభించినది. 2022లో భోపాలులో హిందీ వైద్యపాఠ్యగ్రంథాలు వెలువడినవి. వాటిలో ఇంగ్లీషు పారిభాషికపదాలు పెక్కు దేవనాగరి లిపిలో యథాతథంగా నిలిచినవి, మారినది వాక్యం. ఇది గమనింపదగిన విషయం. మాటలను ఉంచి వాక్యాన్ని మార్చినారంటే, బరువు ఎక్కడ ఉన్నదో గ్రంథకర్తలకు అనుభవం చెప్పినదన్నమాట. కాని ఆ విద్యార్థి కూడ పట్టభద్రుడైన మరునాడు పరిశోధనపత్రికను తెరవవలసినవాడే. అక్కడ అతనికి ఎదురయ్యేది మళ్లీ ఆ వాక్యమే. బోధనాభాష మారినందువలన ప్రత్యేకమైన ఇంగ్లీషు అవసరం తీరలేదు. అది మరింత స్పష్టంగా నిర్వచింపబడినది. మాస్టర్ రామచంద్ర కాలంలో వలెనే, ఒక భాషలో ఆలోచించి, మరొక భాషలో దూరపు పండితులతో సంభాషించే నేర్పు అది.

ఈ చరిత్ర చెప్పే మాట ఒక్కటే. శాస్త్రానికి కావలసిన ఇంగ్లీషు సాహిత్యాచార్యుడు ఒక్కడు నేర్పగలిగినది కాదు, శాస్త్రాచార్యుడు నిర్లక్ష్యం చేయగలిగినదీ కాదు. ఇద్దరూ ఒకే పాఠ్యగ్రంథాన్ని ముందు పెట్టుకొని, ఈ పుటలో విద్యార్థి ఎక్కడ ఆగునని కలిసి వెదకవలె. ఆ వెదుకులాటలో విద్యార్థి మాతృభాషకు ప్రవేశం ఉండవలె; ఒక వాక్యాన్ని తన భాషలో తిరిగి చెప్పగలిగినవాడే దానిని అర్థం చేసికొన్నవాడు. ఈ పని జరగనంతకాలం ప్రతి సంవత్సరం కొందరు తెలివైన పిల్లలు మందబుద్ధులన్న పేరు మోసికొని కళాశాలల నుండి వెళ్లిపోవుదురు. వారికి తెలియనిది శాస్త్రం కాదు. శాస్త్రం చెప్పిన వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసినదో వారికి ఎవరూ చూపలేదు.