రిజల్ట్ వచ్చింది, ఎవరు చూశారు?

రక్తపరీక్ష ఫలితం ఒకప్పుడు ఎన్ని చేతులు మారేదో ఇప్పుడు ఊహించడం కష్టం. ల్యాబులో ఒకరు చీటీ మీద అంకె రాస్తారు. ఇంకొకరు దాన్ని వార్డుకి మోసుకెళ్తారు. మరొకరు కేసు షీటుకి అతికిస్తారు. డాక్టరు వచ్చి ఆ పేజీ తిప్పితేనే ఆ అంకెకి అర్థం. తిప్పకపోతే అది ఉన్నా లేనట్టే. కంప్యూటరు వచ్చాక ఈ సమస్య తీరిపోయిందని మనం అనుకుంటాం. చరిత్ర చూస్తే మాత్రం సమస్య తీరలేదు, చోటు మారింది.

మొదట వేగం పెంచింది కంప్యూటరు కాదు, ల్యాబు యంత్రం. క్లీవ్‌లాండ్‌లో లెనర్డ్ స్కెగ్స్ అనే శాస్త్రవేత్త తయారుచేసిన ఆటోఅనలైజర్‌ని టెక్నికాన్ కంపెనీ 1957లో మార్కెట్లోకి తెచ్చింది. తర్వాతి దశాబ్దంలో అదే కంపెనీ తెచ్చిన మరో యంత్రం గంటకి 60 శాంపిళ్లు తీసుకుని, ఒక్కోదానికీ 12 పరీక్షలు చేసేది. అంటే గంటకి 720 అంకెలు. చదివే కళ్లు మాత్రం అన్నే ఉన్నాయి. అంకెలన్నీ ఒకే వరసలో, ఒకే సైజులో వస్తుంటే ప్రాణం మీదికి తెచ్చే అంకె ఏదో ఎలా తెలియాలి? లాస్ ఏంజెలెస్‌లో పాథాలజిస్టుగా పనిచేసిన జార్జ్ లుండ్‌బర్గ్ 1972లో దీనికొక దారి చూపించాడు. కొన్ని అంకెలకి హద్దులు పెట్టి, ఫలితం ఆ హద్దు దాటితే ల్యాబు వాళ్లు చీటీ పంపి ఊరుకోకుండా వెంటనే ఫోన్ చేసి చెప్పాలన్నాడు. వాటికి 'పానిక్ వాల్యూస్' అని పేరు. ఇప్పుడు 'క్రిటికల్ వాల్యూస్' అంటున్నారు. ఫలితం పంపడంతో ల్యాబు పని అయిపోదు, అది చేరాల్సిన మనిషికి చేరిందో లేదో కూడా చూసుకోవాలి అన్నది ఇందులో అసలు విషయం.

సరిగ్గా అదే ఏడాది ఇండియానాపోలిస్‌లో మరో ప్రయత్నం మొదలైంది. గిన్నెలు కడిగే యంత్రాలు తయారుచేసి సంపాదించిన శామ్ రీజన్‌స్ట్రీఫ్ అనే వ్యాపారి డబ్బుతో అక్కడొక పరిశోధన సంస్థ ఏర్పడింది. అందులో క్లెమెంట్ మెక్‌డొనాల్డ్ అనే డాక్టరు, 35 మంది షుగరు పేషెంట్ల రికార్డులతో ఒక కంప్యూటర్ వ్యవస్థని మొదలుపెట్టాడు. స్క్రీన్లు అందరికీ అందుబాటులో లేని కాలం. పేషెంటు రాకముందే పాత ఫలితాలు, వాడుతున్న మందులు కాగితం మీద ప్రింటయి ఫైల్లో చేరేవి. వాటితో పాటు కంప్యూటరు ఓ మాట గుర్తుచేసేది. ఆ తరహా సూచన ఎలా ఉంటుందంటే: ఈ పేషెంటు ఒంట్లో నీరు తగ్గించే మాత్ర వాడుతున్నాడు, పొటాషియం పడిపోయే ప్రమాదం ఉంది, పరీక్ష చేయించి చాలా రోజులైంది, చూడండి.

ఈ గుర్తుచేయడం వల్ల లాభం ఉందా? 1976లో మెక్‌డొనాల్డ్ న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో దీనికి జవాబు ప్రచురించాడు. 9 మంది డాక్టర్లు. పరీక్ష చేయించాల్సి రావడం, వచ్చిన ఫలితాన్ని బట్టి మందు మార్చాల్సి రావడం లాంటి సందర్భాలు. గుర్తుచేసినప్పుడు 51 శాతం సందర్భాల్లో డాక్టర్లు స్పందించారు. చేయనప్పుడు 22 శాతమే. ఇంతవరకూ ఎవరైనా ఊహించగలిగేదే. అసలు విశేషం వేరే. డాక్టరుకి ఎన్నేళ్ల శిక్షణ ఉందన్నదానికి ఈ అంకెలతో సంబంధం లేదు. ముందు కొన్నాళ్లు సూచనలు అందుకున్న డాక్టర్లు, అవి ఆగిపోయాక మిగతావాళ్ల కంటే మెరుగ్గా ఏమీ లేరు. అంటే ఇది చదువు లోపమూ కాదు, బద్ధకమూ కాదు. ఒకేసారి అన్ని సంగతులు బుర్రలో పెట్టుకోవడం మనిషి వల్ల కాదు, అంతే. మనిషి పరిపూర్ణుడు కాలేడు అన్న అర్థం వచ్చే మాటని ఆయన వ్యాసం శీర్షికలోనే పెట్టాడు.

1990లో అదే బృందం ఇంకోటి చేసి చూసింది. డాక్టరు స్క్రీన్ మీద పరీక్ష రాస్తున్నప్పుడు దాని ఖరీదు పక్కనే కనిపించేలా పెట్టారు. పరీక్షలు 14 శాతం తగ్గాయి. ఖరీదు చూపించడం ఆపేశాక ఆ తగ్గుదల కూడా కరిగిపోతూ వచ్చింది. మళ్లీ అదే పాఠం: కళ్లెదుట ఉన్నంతసేపే గుర్తుంటుంది.

మరి అన్నిటినీ కళ్లెదుట పెట్టేస్తే? తర్వాత జరిగింది అదే. ఒక్కో ల్యాబు ఒక్కో పేరుతో పిలిచే పరీక్షలకి ఉమ్మడి సంకేతాలు ఇచ్చే 'లోయింక్' పని 1994లో ఆ సంస్థలోనే మొదలైంది. ఎక్కడి ఫలితమైనా ఎక్కడి రికార్డులోకైనా చేరే దారి పడింది. డాక్టర్ల స్క్రీన్లు నిండిపోయాయి.

హ్యూస్టన్‌లో మాజీ సైనికుల వైద్య వ్యవస్థలో హర్దీప్ సింగ్ బృందం, 2008లో వెళ్లిన 1163 హెచ్చరికలని వెనక్కి తిరిగి పరిశీలించింది. అన్నీ బాగా తేడాగా ఉన్న ఫలితాలే: షుగరు, థైరాయిడ్, ప్రొస్టేట్, హెపటైటిస్ సి. వాటిలో 79 హెచ్చరికల మీద సకాలంలో ఏ చర్యా లేదు. శాతంలో చెబితే 6.8. చిన్న అంకెలాగే అనిపిస్తుంది, కానీ ప్రతి హెచ్చరిక వెనకా ఒక మనిషి ఉన్నాడు. ఇంకా ఇబ్బంది పెట్టే సంగతేమిటంటే, డాక్టరు హెచ్చరికని తెరిచి చూసిన కేసులకీ, తెరవని కేసులకీ మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. అంటే క్లిక్ చేయడం వేరు, పట్టించుకోవడం వేరు. స్కానింగుల మీద అదే బృందం చేసిన పరిశీలనలో, ఒకే హెచ్చరిక ఇద్దరు డాక్టర్లకి వెళ్లినప్పుడు అది గాలికి పోయే అవకాశం ఇంకా పెరిగింది. పదిమంది నడుమ పాము చావదని మనవాళ్లు ఊరికే అనలేదు.

2021 ఏప్రిల్ నుంచి అమెరికాలో ఒక నిబంధన అమల్లోకి వచ్చింది. ఎలక్ట్రానిక్ రికార్డులో ఫలితం వచ్చిన వెంటనే పేషెంటు చూడటానికి, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, అడ్డు ఉండకూడదు. కొన్నిసార్లు డాక్టరు కంటే ముందు పేషెంటే బయాప్సీ రిపోర్టు చదువుకుంటున్నాడు. మనకి ఇదేమంత కొత్త కాదు. మన ల్యాబులు రిపోర్టుని ముందు పేషెంటు ఫోన్‌కే వాట్సాప్‌లో పంపుతాయి. బోల్డు అక్షరాల్లో ఉన్న అంకె చూసి ఇంట్లోవాళ్లు గూగుల్ చేస్తారు, లేదా డాక్టరు చదివిన బంధువుకి ఫార్వర్డ్ చేస్తారు. 2016 నాటి మన దేశపు ఆరోగ్య రికార్డుల ప్రమాణాల్లో లోయింక్ కూడా ఉంది. 2021లో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతా మొదలైంది. చీటీలు రేపోమాపో మనకీ స్క్రీన్ల మీదికి వస్తాయి.

వచ్చినప్పుడు ఆస్పత్రులు ఏ సాఫ్ట్‌వేర్ కొంటున్నాయన్నది చిన్న ప్రశ్న. ప్రతి ఫలితం పక్కనా ఇది ఎవరిది, చూసి ఏం చేశారు అన్న రెండు గళ్లకి జవాబు చెప్పే మనిషి ఒకరు ఉన్నారా అన్నది పెద్ద ప్రశ్న. 1972లో లుండ్‌బర్గ్ ఫోన్ చేయమన్నది అందుకే. ఫోన్‌కి అవతల ఎవరో ఒకరు ఎత్తి, 'విన్నాను' అనాలి కదా.