చెంపదెబ్బకు ఎదురైన ప్రశ్న: కొల్లేటి ప్రాంత క్రైస్తవంలో ఓర్పు, అవమానం

ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతపు ప్రొటెస్టెంటు చర్చిల్లో గుడ్ ఫ్రైడే అంటే సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలు. ఒక్కో మాట మీద ఒక్కొక్కరు ప్రసంగిస్తారు. అంతకుముందు ప్రధాన యాజకుని ఇంటి విచారణలో ఆయన పలికిన మాట ఒకటి ఈ ఏడింటిలో లేదు. బంట్రౌతు ఒకడు కొట్టినప్పుడు, తాను చెడుగా మాట్లాడి ఉంటే ఏది చెడో చెప్పమని, లేకపోతే ఎందుకు కొట్టావని ఆయన నిలదీశాడు (యోహాను 18:23). అవమానాన్ని విశ్వాసంతో ఓర్చుకోవడం గురించి మన బోధ ఈ ప్రశ్నను పక్కన పెట్టి అసంపూర్ణమైపోయిందని నా వాదన.

మిషనరీలు విలియం బౌడెన్, జార్జి బీర్ 1836లో గోదావరి డెల్టాకు వచ్చారు. చర్చి మిషనరీ సొసైటీ 1841లో మచిలీపట్నంలో, 1854లో ఏలూరులో పని మొదలుపెట్టింది. 1859లో రాఘవాపురానికి చెందిన మాల కులస్థుడు పగోలు వెంకయ్య బాప్తిస్మం పొందిన తర్వాత మాల, మాదిగ పల్లెలు గుంపులు గుంపులుగా చర్చిలో చేరాయి. దేవుడు మారినా నివాసం మారలేదు. ఇల్లు ఊరి వెలుపలి పేటలోనే, చర్చీ అక్కడే. యేసు గవిని వెలుపల శ్రమపడ్డాడని, ఆయన నిందను మోస్తూ శిబిరం వెలుపలికి వెళ్దామని హెబ్రీ పత్రిక 13వ అధ్యాయం అంటుంది. పేటలో కూర్చుని చదివేవారికి ఆ వెలుపల ఎక్కడో ఊహించుకోనక్కర్లేదు.

కొల్లేటి లంక గ్రామాలకు కష్టం కొత్త కాదు. బుడమేరు, తమ్మిలేరు పొంగితే నీరంతా సరస్సుకే చేరుతుంది, సముద్రానికి పోవడానికి ఉప్పుటేరే దారి. 2024 సెప్టెంబరులోనూ గ్రామాలు మునిగాయి. వరద మీద కేసు పెట్టలేం, అక్కడ ప్రార్థనా ఓర్పూ సరైన జవాబే. అవమానం అలా కాదు, దాన్ని చేసే మనిషి ఒకడుంటాడు. శ్రమల దినాల కూటాల్లో ఈ రెంటినీ ఒకే గాటన కట్టి శ్రమ అనేస్తున్నాం. సాక్ష్యాల్లో జబ్బులూ అప్పులూ చెప్పుకుంటారు, కులం పేరుతో పడ్డ మాటలు మాత్రం ఎవరూ ఎత్తరు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ మౌనమే.

పేతురు మొదటి పత్రిక 2వ అధ్యాయం ఈ వాదానికి అడ్డు వస్తుందనేవారున్నారు. క్రీస్తు దూషణకు బదులు దూషించలేదని అది చెబుతుంది, నిజమే. దూషించకపోవడం వేరు, అడగకపోవడం వేరు. పైగా ఆ మాటలు రాసింది ఇంటి దాసులకు, ఫిర్యాదు చేయడానికి వాళ్లకు గడప లేదు. ఫిలిప్పీలో పౌలు సంగతి చూడండి. దెబ్బలు తిని, బొండలో కాళ్లు బిగిసి ఉండగా సీలతో కలిసి అర్ధరాత్రి కీర్తనలు పాడాడు. తెల్లవారి రహస్యంగా వెళ్లిపొమ్మంటే ఒప్పుకోలేదు. బహిరంగంగా కొట్టించిన అధికారులే వచ్చి తమను బయటికి తీసుకురావాలన్నాడు (అపొస్తలుల కార్యములు 16:37). రాత్రి పాటా పొద్దుటి పట్టూ ఒకే విశ్వాసంలోంచి వచ్చాయి.

2017లో భీమవరం దగ్గరి గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం విషయమై దళితులను సాంఘికంగా వెలివేశారు. పనులకు పిలవడం, సరుకులు అమ్మడం ఆగిపోయాయి. జిల్లా కేంద్రం అప్పుడు ఏలూరే. వెలివేతకు గురైనవారు ఫిర్యాదు చేశారు, అట్రాసిటీ చట్టం కింద కేసు నమోదైంది. వాళ్లలో ఎవరి మతం ఏదైనా, ఆ ఫిర్యాదు యోహాను 18:23కి దగ్గరిదని నేను నమ్ముతున్నాను.

అయితే ఈ దారి క్రైస్తవ దళితులకు సులువుగా దొరకదు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. అది అమల్లోకి వచ్చిన 1950లోనే, ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కానివారికి ఎస్సీ హోదా లేదంది. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు దొరికింది, క్రైస్తవులకు దొరకలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవంలోకి మారిన దళితుడు బీసీ-సీలో ఒక శాతం వాటాకు పరిమితం. పేటలో అంటు తప్పనివాడికి, కాగితం మీద క్రీస్తు పేరు చెప్పినందుకు రక్షణ తప్పుతోంది. 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది. ఉత్తర్వును మార్చాల్సింది మాత్రం పార్లమెంటు.

మన పాస్టర్లకూ వేదాంత కళాశాలల అధ్యాపకులకూ ఒక మనవి: వచ్చే గుడ్ ఫ్రైడేకు ఏడు మాటల ముందు ఆ ప్రశ్నను కూడా చదవండి. దాని మీద ప్రసంగం పేటలో అవమానం పడ్డ మనిషి చేత చెప్పించండి.