ఆంధ్ర రంజీ జట్టు: తొలి సీజన్లు

ఆంధ్ర క్రికెట్ జట్టు రంజీ ట్రోఫీలో అడుగుపెట్టింది 1953–54లో. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడింది కాబట్టి, జట్టుకూ రాష్ట్రానికీ వయసులో తేడా నెలలే. 1954 జులైలో గుంటూరులో హైకోర్టు తెరిచేనాటికి ఆ జట్టు తన తొలి సీజన్ ముగించేసింది కూడా. అంతకుముందు కోస్తా కుర్రాడు రంజీ ఆడాలంటే మద్రాసు జట్టులో చోటు కోసం పోటీపడాల్సి వచ్చేది.

చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం ఆటలో పండిపోయినవాళ్లు. 1934 నవంబరులో చేపాక్‌లో జరిగిన మొట్టమొదటి రంజీ మ్యాచ్ మద్రాసు, మైసూరు జట్లదే. అది ఒక్కరోజులోనే ముగిసింది. హైదరాబాద్ 1937–38లోనే ట్రోఫీ గెలిచింది. దక్షిణ మండలంలో ఆంధ్రకు ఎదురుపడేది వీళ్లే.

అలాంటి పసి జట్టుకు తొలి కెప్టెన్‌గా వచ్చినవాడు సామాన్యుడు కాదు. కొఠారి కనకయ్య నాయుడు, అందరి నోటా సి.కె. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895లో పుట్టారు. 1926లో బొంబాయిలో ఇంగ్లండ్ ఎంసీసీ జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేసి పేరు మార్మోగించారు. 1932లో లార్డ్స్‌లో భారత్ ఆడిన తొలి టెస్టుకు నాయకుడు ఆయనే. ఇండోర్ హోల్కర్ల జట్టుకు నాలుగుసార్లు రంజీ గెలిపించి, 58 ఏళ్లు నిండాక ఆంధ్ర పగ్గాలు పట్టారు. ఒకప్పుడు ఆ వయసులో మన దగ్గర ఉద్యోగులు పింఛను కాగితాలు సర్దుకునేవారు. ఆయన అక్కడితోనూ ఆగలేదు. 1956–57లో 61 ఏళ్ల వయసులో ఉత్తరప్రదేశ్ తరఫున రాజస్థాన్ మీద 84 పరుగులు కొట్టారు.

అయితే ఎంత గొప్ప కెప్టెన్ అయినా పోటీ పద్ధతిని మార్చలేడు. అప్పటి రంజీ నాకౌట్. ఒక్క మ్యాచ్ ఓడితే ఆ ఏటికి ఆట కట్టు. ముంబై లాంటి జట్టుకు ఇది చిక్కే కాదు, గెలుస్తూ పోతుంది. నేర్చుకోవాల్సిన జట్టుకు మాత్రం ఏడాదంతా ఎదురుచూసి ఆడే ఒక్క మ్యాచే బడి, పరీక్ష రెండూ అయ్యేవి. 1957–58లో మండలాల వారీగా లీగ్ పద్ధతి వచ్చాకే ఆంధ్రకు ఓడినా గెలిచినా సీజన్‌కు నాలుగు మ్యాచ్‌లు ఖాయమయ్యాయి. జట్టు అసలు పుట్టుక అప్పుడే అనుకున్నా తప్పులేదు.

ఓడినా ఏడాదికి ఎన్నో మ్యాచ్‌లు దొరకడం కొత్త జట్టుకు ఎంత మేలో చూడాలంటే అమెరికా కాలేజీల లాక్రోస్ మంచి ఉదాహరణ. చివర వల కట్టిన కర్రతో బంతిని అందుకుని విసిరే ఈ ఆట ఉత్తర అమెరికా ఆదివాసులది. మిషిగన్ యూనివర్సిటీ పురుషుల జట్టు 2012లో పై స్థాయిలో తొలి సీజన్ ఆడి, 14 మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచింది. పదమూడు ఓటములంటే తలవంపే, కానీ ఒకే ఏడాదిలో పద్నాలుగుసార్లు బరిలో దిగింది. 2023లో తన కాన్ఫరెన్స్ (తను ఆడే కాలేజీల కూటమి) టైటిల్ గెలిచింది. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ కథ ఇంకా వింత. 2002లో మహిళల జట్టును మళ్లీ నిలబెట్టిన కోచ్ కెల్లీ అమోంటే హిల్లర్, లాక్రోస్ కర్ర పట్టి ఎరుగని కవల అక్కచెల్లెళ్లను వాళ్ల పరుగు చూసి జట్టులోకి తీసుకుంది. 2005లో ఆ జట్టు ఒక్క ఓటమీ లేకుండా జాతీయ విజేత అయింది. 2009 దాకా ఏటా ఆ టైటిల్ వాళ్లదే.

ఆంధ్రకు మరో ఇబ్బంది ఇంటి పక్కనే ఉంది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండు ప్రాంతాలు కలిసినా, హైదరాబాద్ క్రికెట్ జట్టు విడిగానే ఉండిపోయింది. 2014లో రాష్ట్రం విడిపోయే దాకా ఒకే రాష్ట్రానికి రెండు రంజీ జట్లు. 1993–94లో హైదరాబాద్ సికింద్రాబాద్‌లో ఆంధ్ర మీద 6 వికెట్లకు 944 పరుగులు చేసి డిక్లేర్ చేసింది. అందులో ఎం.వి. శ్రీధర్ ఒక్కడివే 366. రంజీ చరిత్రలో ఒక జట్టు చేసిన అతిపెద్ద స్కోరు ఆ 944. 2002 నవంబరులో ఇంకో దెబ్బ తగిలింది. ఆంధ్ర బౌలర్లను చితగ్గొట్టి ఒకే మ్యాచ్‌లో 210, 159 నాటౌట్ చేసిన హైదరాబాద్ కుర్రాడు అంబటి రాయుడు. పుట్టింది గుంటూరులో! తర్వాత కొంతకాలం ఆంధ్రకూ ఆడాడనుకోండి.

అదే గుంటూరు జిల్లా మేడికొండూరులో పుట్టిన వికెట్ కీపర్ ఎం.ఎస్.కె. ప్రసాద్ 1999లో న్యూజీలాండ్‌పై మొహాలీలో టెస్టు క్యాప్ అందుకున్నాడు. ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టిన 46 ఏళ్లకు! ఆరు టెస్టులు, 17 వన్డేలు ఆడి, 2016లో జాతీయ సెలక్షన్ కమిటీ అధ్యక్షుడయ్యాడు.

మలుపు మరో వికెట్ కీపర్ చేతిలో, ఒంగోలులో కనిపించింది. 2015 ఫిబ్రవరిలో సి.ఎస్.ఆర్. శర్మ కాలేజీ మైదానంలో గోవాపై కె.ఎస్. భరత్ 308 పరుగులు చేశాడు. రంజీలో ట్రిపుల్ సెంచరీ కొట్టిన తొలి వికెట్ కీపర్ అతనే. మహానగరపు స్టేడియంలో కాక పొగాకు బేళ్ల ఊరి కాలేజీ గ్రౌండ్‌లో ఆ రికార్డు పుట్టడం ప్రకాశం జిల్లావాళ్లు చెప్పుకోదగ్గ సంగతే. 2023 ఫిబ్రవరిలో మధ్యప్రదేశ్‌తో రంజీ క్వార్టర్ ఫైనల్లో మణికట్టు విరిగిన ఆంధ్ర కెప్టెన్ హనుమ విహారి ఎడమచేతివాటంగా నిలబడి, ఒంటిచేత్తో బ్యాటు ఊపిన దృశ్యం దేశమంతా చూసింది. ఆ మ్యాచ్‌లో మధ్యప్రదేశ్ ఐదు వికెట్ల తేడాతో గెలిచింది.