మంట రంగు మారిందా?

1982లో గుంటూరులో ఫ్రిజ్ రిపేరు షాపులో పనికి చేరినప్పుడు మా గురువుగారు నా చేతికిచ్చిన మొదటి సామాను హేలైడ్ టార్చ్. చిన్న గ్యాసు మంట, దాని మీద ఎర్రగా కాలే రాగి బిళ్ల, పక్కన గాలి పీల్చే సన్నని గొట్టం. ఆ గొట్టం కొసను పైపు అతుకుల వెంట నెమ్మదిగా జరుపుకుంటూ పోవాలి. నీలం మంట ఆకుపచ్చగా తిరిగిందంటే లీకు అక్కడే. "రంగు మారిందా?" అని గురువుగారు వెనక నుంచి అడిగేవారు. ఎందుకు మారుతుందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

అది క్లోరిన్ పని. మేం 'ట్వెల్వు' అనే ఆర్-12 గ్యాసులో ఉన్న క్లోరిన్. ఆ జాతి గ్యాసులు, అంటే సీఎఫ్‌సీలు, పైకెళ్లి ఓజోన్ పొరను తినేస్తాయని మొలీనా, రోలాండ్ అనే శాస్త్రవేత్తలు 1974లోనే రాశారట. నా చెవిన పడేసరికి ఇరవై ఏళ్లు దాటింది. ఈలోగా రిపేరుకొచ్చిన ప్రతి ఫ్రిజ్‌లో పాత గ్యాసు గాలికి వదిలాను. లైను కడగడానికీ అదే గ్యాసు ఊదేవాళ్లం. తప్పని ఎవరనుకున్నారు?

1985లో అంటార్కిటికాలోని హేలీ బే దగ్గర కొలతలు తీసే బ్రిటిష్ వాళ్లు పైన ఓజోన్ బాగా తరిగిపోయిందని చూపించారు. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్‌లో ఒప్పందమైంది. అప్పుడు అనుకున్నది సీఎఫ్‌సీలను సగానికి తగ్గించాలనే. అందులో నాకు నచ్చేది ఆరో అధికరణం. 1990 మొదలుకొని కనీసం నాలుగేళ్లకోసారి శాస్త్రం ఏమంటోంది, నష్టమెంత, ప్రత్యామ్నాయాలేమిటి, ఖర్చెంత అని నిపుణుల చేత లెక్క తీయించి, దాన్ని బట్టి ఆంక్షలు సరిచూసుకోవాలి. మా భాషలో సర్వీసింగ్ అన్నమాట. ఆ లెక్కలు చూసుకునే 1990లో లండన్‌లో 2000 కల్లా పూర్తిగా మానాలన్నారు. 1992లో కోపెన్‌హాగన్‌లో ధనిక దేశాల గడువును 1996కు లాగారు.

ఆ నివేదికలు ఫలానాది చేసి తీరాలని ఆజ్ఞాపించవు. ఇంత తగ్గిస్తే పైన క్లోరిన్ ఇంత, ఇంకా తగ్గిస్తే ఇంత అని ముందు పెడతాయి, అంతే. దేని బదులు ఏది వాడొచ్చో చెప్పే సాంకేతిక బృందంలో కంపెనీల ఇంజనీర్లూ కూర్చున్నారు. ప్రభుత్వాలను కదిలించింది ఈ బృందమేనని నా నమ్మకం. కంప్రెసర్ పోయిందంటే కస్టమరు మొహం వేలాడేస్తాడు. ఏది వెయ్యాలో, ఎంతవుతుందో చెబితేనే "సరే, కానివ్వు" అంటాడు.

ఖర్చు ఎవరు భరించాలన్నది మనదేశం అడిగిన ప్రశ్న. లండన్‌లోనే వర్ధమాన దేశాల కోసం నిధి ఒప్పుకున్నాక 1992లో మనం చేరాం. పేద దేశాలకు పదేళ్ల వెసులుబాటు ఎలాగూ ఉంది. ఆస్తమా ఇన్‌హేలర్లకు తప్ప మిగతా వాటికి సీఎఫ్‌సీల తయారీ ఇక్కడ 2008 ఆగస్టు 1న ఆగింది. వర్ధమాన దేశాల గడువు 2010 కంటే ముందే.

మెకానిక్కులకు శిక్షణ పెడితే నేనూ వెళ్లాను. గాలికి వదలకుండా గ్యాసును సిలిండర్లోకి లాగే యంత్రాన్ని నలభై దాటాక మొదటిసారి చూశాను. తర్వాత 134ఎ అనే గ్యాసు వచ్చింది. పాత ఆయిల్‌తో కలవదు. దాని కొత్త ఆయిలేమో చెమ్మ తాగేస్తుంది, మూత తీసి ఉంచితే పాడే. పైగా అందులో క్లోరిన్ లేదు. మొదట్లో ఒకింట్లో గంటసేపు టార్చ్ తిప్పినా మంట నీలంగానే ఉంది. లీకు లేదని చెప్పి వచ్చేశాను. మర్నాడే మళ్లీ పిలిచారు.

ఆ 134ఎ ఓజోన్‌ను ముట్టుకోదు గానీ భూమిని వేడెక్కిస్తుంది. 2016లో కిగాలీలో అదే ఒప్పందం కింద దాన్నీ తగ్గించే జాబితాలో చేర్చారు. ఇప్పుడు ఫ్రిజ్‌లలో 600ఎ, అంటే ఐసోబ్యూటేన్, వంట గ్యాసుకు చుట్టం. దాని దగ్గరికి మంట తీసుకెళ్లకూడదు. మా కుర్రాడు సబ్బు నురగ బ్రష్‌తో అతుకులు చూస్తున్నాడు. టార్చ్ అలమరలో ఉంది. "బుడగ వచ్చిందా?" అని వెనక నుంచి అడుగుతుంటాను.