అరటిపండుకి దక్కిన పేరు

"బనానా బ్రెడ్" అని పిలుస్తాం గానీ, నిజానికది రొట్టె కన్నా కేకుకే దగ్గర చుట్టం. అమెరికాలో 1930ల ఆర్థికమాంద్యం రోజుల్లో, మగ్గిన పండుని కూడా పారెయ్యలేని ఇళ్ళల్లో అది బాగా వ్యాపించింది. ఈస్టు అక్కర్లేదు, పిండి పిసకనక్కర్లేదు. వంటసోడా ఉంటే చాలు.

ఆ కాలంలోనే అరటిపండుకి మందుగా కూడా పేరుండేది. గోధుమ, బార్లీ, రై గింజల్లోని గ్లూటెన్ అనే మాంసకృత్తు కొందరి చిన్నపేగు లోపలి పొరని దెబ్బతీస్తుంది. అదే సీలియాక్ జబ్బు. అప్పట్లో దాని కారణం తెలియక ఎందరో పసివాళ్ళు చిక్కి శల్యమై చనిపోయేవారు. 1924లో న్యూయార్క్ డాక్టరు సిడ్నీ హాస్ 10 మంది పిల్లల గురించి రాశారు. అరటిపండ్ల పథ్యం పెట్టిన 8 మంది కోలుకున్నారు, పెట్టని ఇద్దరూ చనిపోయారు. ఆ పథ్యంలో రొట్టె, బంగాళాదుంప నిషిద్ధం. పిల్లల్ని బతికించింది అరటిపండేనని హాస్ నమ్మారు. అసలు కారణం పళ్ళెంలో రొట్టె లేకపోవడం! జబ్బు నయమైందనుకుని మళ్ళీ రొట్టె పెడితే లోపల పేగు మళ్ళీ దెబ్బతినేది.

అసలు దోషి గోధుమ అని డచ్ పిల్లల వైద్యుడు విల్లెమ్ డికె అంతకుముందే అనుమానించారు. 1944-45 చలికాలంలో హాలండులో కరువొచ్చి రొట్టె కరువైంది. ఊరంతా ఆకలితో అలమటిస్తుంటే ఈ పిల్లలు మాత్రం తేరుకున్నారు. రొట్టె తిరిగి రాగానే జబ్బూ తిరిగొచ్చింది. 1950లో ఆయన తన సిద్ధాంతవ్యాసంలో ఈ సంగతి వివరించారు.

ఇదంతా ఎందుకంటారా? సింగపూరు పడమటి కొసన తువాస్‌లో నా ఉద్యోగం. ఒకప్పటి జాలరి పల్లె ఇప్పుడు ఫ్యాక్టరీలు, ఓడరేవు, పనివాళ్ళ డార్మిటరీలు. అక్కడ మనవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో శ్రీకాకుళం కుర్రాడొకడికి ఈ జబ్బని తేలింది. డార్మిటరీకొచ్చే భోజనంలో రాత్రి చపాతీ, టీతో బిస్కట్టు, రెండూ పనికిరావు.

"ఇప్పుడు బాగానే ఉంది కదా బాబాయ్, ఒక్క పరోటా తింటే ఏటవుద్ది?" అన్నాడొకసారి. హాస్ గారి పిల్లల కథంతా చెప్పాను. ఇంకెప్పుడూ అడగలేదు.

ఆదివారాలు మా ఇంట్లో అతనికోసం బనానా బ్రెడ్ చేస్తాం. మామూలు రొట్టెలో గాలిని పట్టి ఉంచేది గ్లూటెన్. ఇందులో ఆ పని చాలావరకు గుడ్డు, పండు చూసుకుంటాయి. తొక్క నల్లబడ్డ పండ్లు 3, గుడ్లు 2, బెల్లం 100 గ్రాములు, నూనె 80 మిల్లీలీటర్లు, రెండు చెంచాల పెరుగు, ఏలకుల పొడి, 200 గ్రాముల బియ్యప్పిండి కలిపి 20 నిమిషాలు నాననివ్వాలి, లేకపోతే పంటికింద పిండి గరగరలాడుతుంది. ఆ తర్వాత టీ చెంచాడు వంటసోడా వేసి, 170 డిగ్రీల వేడిలో సుమారు 50 నిమిషాలు కాల్చాలి. పూర్తిగా చల్లారకుండా కోస్తే విరిగిపోతుంది.

జాగ్రత్తలు మాత్రం మరవకండి. గోధుమలు ఆడే మరలో పట్టించిన బియ్యప్పిండి వద్దు. డబ్బా ఇంగువలో తరచు గోధుమపిండి కలుస్తుంది, సోయాసాస్‌లోనూ గోధుమ ఉంటుంది. "గ్లూటినస్ రైస్" అని రాసి ఉన్న ఇక్కడి జిగురు బియ్యానికి మాత్రం భయపడనక్కర్లేదు. పేరులోనే గానీ అందులో గ్లూటెన్ లేదు.

సోమవారం టీ వేళకి ఆ కుర్రాడు ముక్కలు అందరికీ పంచి, తనూ అందరితో కలిసి తింటాడు.