సుంకం గోడ అవతలి భోజనం

ఫ్రెంచి నవలల్ని అనువాదాల్లో చదివే మన సాహిత్య విద్యార్థులకు 'బిస్త్రో' అన్న మాట ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటుంది. చిన్న హోటలు అనో, సారాకొట్టు అనో, కాఫీక్లబ్బు అనో ఏదో ఒకటి రాసి అనువాదకుడు ముందుకు పోతాడు. మూడూ కొంతవరకు నిజమే. కూలివాడు మధ్యాహ్నం సూపు, రొట్టె, ఉడికించిన మాంసం తిని, సాయంత్రం అదే బల్ల దగ్గర ద్రాక్షసారా తాగి, రాత్రికి అక్కడే నలుగురితో కలిసి సమ్మె సంగతులు మాట్లాడుకుని, తరచు ఆ పైనున్న అద్దెగదిలోనే పడుకున్న చోటు అది. ఈనాడు అదే మాట మహానగరాల శివార్లలో ఖరీదైన చిన్న భోజనశాలల బోర్డుల మీద కనిపిస్తుంది. పేటవాళ్ళంతా ఒకరికొకరు తెలిసిన చోటు, ఇంటివంటలాంటి వంట, నల్లపలక మీద సుద్దతో రాసిన ఆనాటి వంటకాలు అంటూ పత్రికల భోజనవిమర్శకులు మురిసిపోతారు. ఈ మురిపెం వెనక రెండు శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. దాన్ని తిన్నవాడి కుర్చీలోంచి రాసినవారు చాలామంది. పొయ్యి దగ్గర నిలబడినవాడి వైపునుంచి రాసినవారు బహు తక్కువ. ఈ విషయంలో మహారచయితలు కూడా పూర్తిగా నిర్దోషులు కారు.

ముందు మాట సంగతి. 1814 మార్చిలో నెపోలియన్ ఓడి రష్యన్ సైన్యాలు పారిస్‌లో ప్రవేశించినప్పుడు, కొసాక్కులు సారాకొట్లలో దూరి "బిస్త్ర! బిస్త్ర!" - త్వరగా, త్వరగా - అని కేకలు వేశారనీ, ఆ కేకే పేరైందనీ ఒక కథ. మోమార్త్ర్ గుట్టమీద ఒక హోటలు గోడకు ఈ కథను చెక్కిన పలకే ఉంది. యాత్రికులు దాని ముందు ఫొటోలు దిగుతారు. కాని ఈ మాట అచ్చులో మొదట కనిపించేది 1884లో. కొసాక్కులు వెళ్ళిపోయిన డెబ్బై ఏళ్ళదాకా ఏ పుస్తకంలోనూ, ఏ పత్రికలోనూ కనబడకుండా ఒక మాట నాలుకలమీదే బతికిందనడం నమ్మదగ్గది కాదు. సారావ్యాపారి దగ్గర పనిచేసే కుర్రవాడికి ఒక మాండలికంలో ఉన్న పేరుతో దీన్ని ముడిపెట్టేవారు కొందరున్నారు. అదీ రుజువైన విషయం కాదు, ఊహే. అయినా సేనల కథకు గోడమీద పలక దక్కింది, పనికుర్రవాడి ఊహకు నిఘంటువులో ఒక మూల దక్కింది.

మాట వయసు చిన్నదే గాని స్థలం వయసు పెద్దది. దాన్ని పుట్టించింది పన్ను. విప్లవానికి ముందు పారిస్ నగరంలోకి వచ్చే ద్రాక్షసారా మీద, మాంసం మీద, వంటచెరకు మీద పొలిమేరలోనే సుంకం వసూలు చేసేవారు. దాని పేరు ఆక్ట్రాయ్. 2017లో జీఎస్టీ వచ్చేవరకు ముంబయి పొలిమేరల్లో లారీలను నిలబెట్టిన ఆక్ట్రాయ్, ఈ ఫ్రెంచి మాటే. సుంకం ఎగ్గొట్టి సరుకు లోపలికి జారిపోతోందని, ఆ వసూలు హక్కు గుత్తకు తీసుకున్న ధనికుల కూటమి 1784 నుంచి పారిస్ చుట్టూ సుమారు 24 కిలోమీటర్ల గోడ కట్టించింది. ఆ సలహా ఇచ్చినవాడు రసాయనశాస్త్ర పితామహుడుగా మనం పాఠాల్లో చదువుకునే లవాజియే. అతనూ ఆ గుత్తదారుల్లో ఒకడు. జనం ఈ గోడను ఎంత ద్వేషించారంటే, 1789 జూలై 14న బాస్తీయ్ కోట కూలకముందే, దానికి రెండు మూడు రోజుల ముందునుంచే, సుంకం ఠాణాలను తగలబెట్టారు. విప్లవ ప్రభుత్వం 1791లో ఆ సుంకాన్ని రద్దు చేసింది. 1798లో మళ్ళీ తెచ్చారు. విప్లవాలు వచ్చిపోయినా పన్నులు తిరిగి రావడం ఒక్క ఫ్రాన్సులోనే జరిగిన వింత కాదు.

గోడకు లోపల వైను ప్రియం, గోడ దాటితే చవక. ఇంతే సూత్రం. ఆదివారంనాడు వడ్రంగులు, చాకలి స్త్రీలు, కుట్టుపనివాళ్ళు కుటుంబాలతో సహా గోడ దాటి బెల్‌విల్, మోమార్త్ర్ వంటి శివారు పల్లెలకు నడిచి పోయేవారు. అక్కడి కొట్లలో తిని, తాగి, నాట్యం చేసి, చీకటి పడ్డాక గోడ లోపలికి వచ్చేవారు. శివారు భోజనానుభవం అని ఈనాడు పత్రికలు ముద్దుగా రాసేదాని తొలిరూపం ఇది. 1860 జనవరి 1న ఈ శివారు పల్లెల్ని పారిస్‌లో కలిపేశారు. కలపడంతో పన్నుగీత ఇంకా బయటికి జరిగింది. చవక తిండి దానితోపాటు బయటికి జరిగింది. చవక తిండి తినేవాడూ జరిగాడు. పారిస్ శివారు చరిత్రంతా ఒకరకంగా ఈ జరగడమే.

ఈ కొట్లు నడిపినవారు పారిస్ పుట్టుకవారు కారు. ఒవెర్న్ అనే కొండప్రాంతం నుంచి బీద రైతుల పిల్లలు బతుకుతెరువుకు వచ్చి మొదట నీళ్ళు మోశారు, తర్వాత బొగ్గు అమ్మారు. బొగ్గు కొట్టులో ఒక మూల వైను పీపా పెట్టారు. మగవాడు బస్తా భుజాన వేసుకుని నాలుగో అంతస్తుకి ఎక్కుతుంటే ఆడమనిషి జింకురేకు తొడిగిన బల్ల వెనక నిలబడి గ్లాసులు నింపేది, వెనక గదిలో కుండ పొయ్యిమీద పెట్టేది. గొడ్డుమాంసం, క్యారెట్, ఉల్లికాడ వేసి గంటల తరబడి ఉడికించిన ఆ కుండ దేశమంతటికీ ప్రసిద్ధమైన వంటకమని ఈనాడు చెప్పుకుంటారు. ఆనాడది తక్కువరకం మాంసాన్ని మెత్తబరిచే ఉపాయం. కూలివాడు ఇంటినుంచి గిన్నెలో కూర తెచ్చుకున్నా వేడిచేసి పెట్టేవారు, వైను మాత్రం అక్కడే కొనాలి. డబ్బు లేకపోతే పలక. ఆ పలకమీద రాసింది వంటకాల పేర్లు కావు, ఎవరెంత బాకీ అన్నది. ఫ్రెంచిలో ఇప్పటికీ ఫలానావాడికి 'పలక ఉంది' అంటే కొట్టులో అప్పుందని అర్థం. శనివారం కూలిడబ్బులు రాగానే తడిగుడ్డతో చెరిపిన ఆ పలకే ఈనాడు ఆనాటి ప్రత్యేక వంటకం పేరు మోస్తూ అలంకారంగా నిలబడింది.

బల్ల వెనక నిలబడిన ఆ స్త్రీని గురించి ఆలోచిస్తే 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మ జ్ఞాపకం వస్తుంది. ఆమెకు నాటకంలో సొంత పేరైనా లేదు. గిరీశం కోతలు మనకు కంఠస్థం, ఆమె పొయ్యి మనకు గుర్తులేదు.

పేదవాడు నలుగురితో కూర్చుని తినే చోటు ఉంటే అక్కడ మాట పుడుతుంది. పాలకులకు ఇది తెలుసు. 1851 డిసెంబరు 2న కుట్రతో అధికారం చేజిక్కించుకున్న లూయీ నెపోలియన్, ఆ నెల 29నే ఒక ఆజ్ఞ జారీ చేశాడు. ప్రభుత్వాధికారి అనుమతి లేకుండా ఎవరూ కొట్టు తెరవరాదు, ప్రజాభద్రత పేరుతో ఏ కొట్టునైనా మూయించవచ్చు. 1871లో పారిస్ కమ్యూన్‌ను నెత్తుటిలో ముంచిన తర్వాత, ఆ తిరుగుబాటు తాగుబోతుల పనేనని బూర్జువా రచయితలు పేజీలు నింపారు. ఆ ఆజ్ఞ రద్దయింది 1880 జూలై 17న. ప్రవాసంలోనూ జైళ్ళలోనూ ఉన్న కమ్యూన్ వీరులకు క్షమాభిక్ష చట్టం వచ్చిందీ అదే నెలలో, జూలై 11న. రెండు చట్టాల మధ్య వారం రోజుల ఎడం కూడా లేకపోవడం యాదృచ్ఛికమని నేననుకోను.

ఇక్కడ ఎమిలీ జోలా దగ్గరికి రావాలి. 1877లో పుస్తకంగా వచ్చిన 'లసొమ్మార్' నవల సుంకం గోడ పక్కనే మొదలవుతుంది. కిటికీలోంచి జెర్వేజ్ చూసేది ఆ గోడనే, తెల్లవారకముందే ఠాణా దాటి పనికి పోయే కూలిజనాన్నే. ఆమె పెళ్ళివిందు ఆ గోడ వెంబడి సాగే వీధిలో ఒక సారాకొట్టులో జరుగుతుంది. మనిషికి ఐదు ఫ్రాంకులు, అందరూ చందా వేసుకోవాలి. విందుకు ముందు వానలో తడుస్తూ లూవ్ర్ చిత్రశాలకు వెళ్ళి, ఆ బొమ్మల మధ్య బిక్కమొహాలతో తిరిగి వస్తారు. ఆవురావురుమని తింటారు. చివరికి బిల్లు దగ్గర, అదనంగా తాగిన వైను లెక్కమీద యజమానితో జగడం. పేదవాడి పండగలో ప్రతి ముద్ద వెనకా లెక్క ఎలా కూర్చుని ఉంటుందో ఇంత నిర్దయగా, ఇంత నిజంగా చూపినవాడు అంతకుముందు లేడు. ఆ ప్రకరణం ఒక్కటి చాలు జోలాను తలమీద పెట్టుకోవడానికి.

కాని ఆ నవలకు ఆకరాల్లో ఒకటి 1870లో డెనీ పూలో అనే ఫ్యాక్టరీ యజమాని రాసిన పుస్తకం. కార్మికుల్ని వాళ్ళ తాగుడునుబట్టి, యజమానికి లొంగే తీరునుబట్టి రకాలుగా విడదీసి పేర్లు పెట్టిన పుస్తకమది. యాసను, మారుపేర్లను, కొన్ని మనిషి నమూనాలను జోలా అందులోంచి తీసుకున్నాడు. 1877లోనే పత్రికల్లో చౌర్యారోపణ లేచింది. చౌర్యం మాట అల్పవిషయం. యజమాని కళ్ళజోడు పెట్టుకుని చూస్తే సారాకొట్టులో తాగుడే కనిపిస్తుంది, సంఘం కనిపించదు. 'లసొమ్మార్'లో సారా బట్టీ ఒక రాక్షసయంత్రం. అక్కడ ఎవరూ సమ్మెనిధికి చిల్లర పోగుచేయరు. వామపక్షం వారు ఆనాడే ఈ నవలను కార్మికులమీద అపనింద అన్నారు. వారి కోపంలో న్యాయముంది, తీర్పులో తొందరుంది. ఎందుకంటే ఎనిమిదేళ్ళ తర్వాత, 1885లో, జోలాయే 'జెర్మినాల్' రాశాడు. ఈసారి పారిస్ విడిచి ఉత్తరాది బొగ్గుగనులకు వెళ్ళి, స్వయంగా చూసి రాశాడు. అందులో సమ్మె చేసి పని పోగొట్టుకున్న గనికార్మికుడు రాస్నర్ సారాకొట్టు పెట్టుకుంటాడు, అదే ఉద్యమానికి కచేరీ అవుతుంది. ఇది కల్పన కాదు. యజమానులు నల్లజాబితాలో పెట్టిన కార్మిక నాయకులకు ఆ రోజుల్లో మిగిలిన బతుకుతెరువుల్లో అదొకటి. 1885లోనే పార్లమెంటుకు ఎన్నికైన ఎమీల్ బాలీ అలా గనిలోంచి గల్లాబల్లకు, అక్కడినుంచి శాసనసభకు నడిచినవాడు. రచయిత ఎవరి పక్కన నిలబడి చూస్తాడో ఆ చోటే మారిపోతుందనడానికి, ఒకే రచయిత రెండు నవలలకన్నా మంచి పాఠం విద్యార్థులకు దొరకదు.

ఇరవయ్యో శతాబ్దంలో ఫ్యాక్టరీలు సేం-దెనీ, నాంతేర్, ఇవ్రీ వంటి శివారు పట్టణాలకు చేరాయి. ఒవెర్న్ వారి పక్కన, క్రమంగా వారి స్థానంలో, అల్జీరియా కొండప్రాంతమైన కబీలీ నుంచి వచ్చినవారు బల్లల వెనక నిలబడ్డారు. కింద తిండి, పైన అద్దెగది. తెలిసినవాడి ఉత్తరం అక్కడికే వస్తుంది, ఊరికి పంపే డబ్బు అక్కడే జమవుతుంది, చదువురానివాడికి అక్కడే ఒకడు అర్జీ రాసిపెడతాడు. అల్జీరియా స్వాతంత్ర్యం కోరిన తొలి సంస్థ 1926లో పుట్టింది అల్జియర్స్‌లో కాదు, ఈ వలస కూలీల మధ్య, పారిస్‌లో. స్వాతంత్ర్య యుద్ధకాలంలో ఈ కొట్లే చందాల కేంద్రాలు. రెండు జాతీయవాద పక్షాలు ఒకరినొకరు కాల్చుకున్న చోట్లూ ఇవే. దాన్ని దాచి రాయడం చరిత్ర కాదు.

బల్లమీది వైను సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. 1860ల నుంచి ఒక పురుగు ఫ్రాన్సు ద్రాక్షతోటల్ని నాశనం చేస్తే, వలసదారులు అల్జీరియా భూముల్లో తోటలు వేశారు. 1957లో రోలాఁ బార్త్ 'మిథాలజీస్'లో వైను గురించి రాస్తూ, ఈ జాతీయ పానీయం రొట్టె లేని ముస్లిము రైతు నుంచి లాక్కున్న నేలమీద, అతనికి అక్కరలేని పంటగా పండుతోందని గుర్తుచేశాడు. భూమి పోగొట్టుకున్న వాడి కొడుకు శివారుకు వచ్చి, ఆ నేలలోనే పండిన వైనును గ్లాసుల్లో పోసి ఫ్రెంచి కార్మికుడికి అమ్మాడు. సామ్రాజ్యవాదం అంటే ఏమిటో విద్యార్థికి వివరించడానికి ఈ గ్లాసొకటి చాలు.

1961 అక్టోబరు 5న పారిస్ పోలీసు అధిపతి మోరిస్ పపోఁ అల్జీరియన్లు రాత్రి ఎనిమిదిన్నర తర్వాత వీధిలో కనబడరాదన్నాడు. వాళ్ళు నడిపే, వాళ్ళు వచ్చే పానీయాల కొట్లు సాయంత్రం ఏడుకే మూయాలన్నాడు. 1851 నాటి ఆజ్ఞ చర్మం రంగు చూసి మళ్ళీ లేచింది. దానికి నిరసనగా అక్టోబరు 17న వేలాదిమంది శివార్ల నుంచి నగరంలోకి నడిచి వచ్చారు. పోలీసులు కాల్చారు, కొట్టారు, సేన్ నదిలోకి తోశారు. మృతులు డజన్ల కొద్దీ అనీ, రెండువందలకు పైనే అనీ చరిత్రకారుల అంచనాలు. ఇరవై ఏళ్ళదాకా ఈ మాట పెద్దగా ఎవరూ ఎత్తలేదు. 1980లలో ఎత్తినవారిలో ఒకడు దిదియే దెనాంక్స్. సేం-దెనీలో పుట్టి, అచ్చుయంత్రం దగ్గర పనిచేసినవాడు, రాసింది డిటెక్టివు నవల. మహా నవలాకారులు వదిలేసిన పని చవకబారు నవలలు చేయడం సాహిత్యచరిత్రలో ఇది మొదటిసారి కాదు.

1960 ప్రాంతంలో ఫ్రాన్సులో సుమారు 2 లక్షల కఫేలు, బిస్త్రోలు ఉండేవి. ఇప్పుడవి 40 వేల లోపు. ఫ్యాక్టరీలు మూతబడ్డాయి, మధ్యాహ్నం గంట కొట్టగానే వచ్చే గుంపు లేదు. స్థలం తగ్గినకొద్దీ మాటకు గిరాకీ పెరిగింది. 1992లో పారిస్ దక్షిణపు అంచున ఒక పెద్ద హోటలు వంటవాడు సొంత బిస్త్రో పెట్టి, గొప్పవంటను తక్కువ ధరకు వడ్డించి పేరుపొందాడు. తర్వాత ఆ పద్ధతికొక కొత్తపేరు, కొత్త ధరలు వచ్చాయి. మంచి వంట సామాన్యుడికి అందడంలో తప్పేమీ లేదు, అందినంతకాలం అది ప్రగతే. 2018లో బిస్త్రోలను మానవజాతి వారసత్వంగా యునెస్కో గుర్తించాలని పారిస్‌లో ఉద్యమం మొదలైంది. వారసత్వం జాబితాలో వంటకాలున్నాయి, బల్లలున్నాయి, కబుర్లున్నాయి.

వంటగది సంగతి 1933లోనే జార్జ్ ఆర్వెల్ రాశాడు. పారిస్ హోటలు నేలమాళిగలో గిన్నెలు కడిగిన మనిషిగా, ఆ ఆవిరిని, మురికిని, పదహారు పదిహేడు గంటల పనిని రాశాడు. అదే పుస్తకంలో బిస్త్రో ఆ పని ముగిశాక శనివారం రాత్రి కాసేపు మనిషినని అనుకోవడానికి వెళ్ళే చోటు. గిన్నెలు కడిగేచోటునుంచి భోజనశాలను చూసిన రచన ఐరోపా సాహిత్యంలో వేళ్ళమీద లెక్కించదగ్గది. ఆ చోటులో ఇప్పుడు మాలి, సెనెగల్, శ్రీలంక, బంగ్లాదేశ్‌ల నుంచి వచ్చినవారు నిలబడి ఉన్నారు. 2008 ఏప్రిల్‌లో పారిస్‌లోనూ చుట్టుపట్ల శివార్లలోనూ నివాసపత్రాలు లేని వందలాది కార్మికులు సమ్మెకు దిగారు. వారిలో చాలామంది భోజనశాలల వంటవాళ్ళు, గిన్నెలు కడిగేవాళ్ళు. పనిచేసే చోట్లనే ఆక్రమించి కూర్చున్నారు. తాము ఈ దేశంలో లేనట్టే లెక్క అన్న ప్రభుత్వానికి వాళ్ళు చూపినవి జీతం చీటీలు. నెలనెలా తమ కూలిలోంచి సామాజిక భద్రత నిధికి కోతపడిన మొత్తాలు వాటిమీద అచ్చయి ఉన్నాయి.